ఢిల్లీ అంటే కడప

ఫోన్‌లో అజయ్ కుమార్ ఏం చెప్తున్నాడో అనిత వినదు. ఎలా చెప్తున్నాడో వింటుంది.

రోజూ సాయంత్రం పాణ్యం హైస్కూలు గేటు దాటగానే ఆమె చేసే మొదటి పని భర్తకు ఫోన్ చేయడం. అడిగే మొదటి ప్రశ్న, "యాడున్నావ్?" ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. ఆళ్లగడ్డలో రంగయ్య రాళ్ల షెడ్డులో ఉంటాడు. ఆ వేళకు ఇంకెక్కడా ఉండడు. అయినా అడుగుతుంది, ఆ ఊరి పేరు అతని నోటితో చెప్పించాలని. తాగిన నాలుకకు ఆళ్లగడ్డ తిరగదు. ళ్ల దగ్గర జారుతుంది, డ్డ దగ్గర తట్టుకుంటుంది. "ఆళ్లగడ్డలో ఉండా, ఇంక యాడుంటా" అని అతను విసుక్కున్నప్పుడు ఆ రెండు అక్షరాలూ గట్టిగా పడితే అనితకు ప్రాణం కుదుటపడుతుంది. ఆ రోజు గడిచినట్టే. తాగి మానేసిన వాళ్ల పెళ్లాలందరికీ ఇలాంటి కొలత ఏదో ఒకటి ఉంటుంది. ఈమె సోషల్ టీచరు కాబట్టి ఈమెది ఊరి పేరైంది.

అజయ్ తాగుడు మానేసి ఏడాది దాటింది. అంతకు ముందు వాళ్లుండే నంద్యాలలోనే సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కే షాపులో పనిచేసేవాడు. అక్షరం చెక్కడంలో అతని చెయ్యి మంచిది, దానికి ఎవరూ వంక పెట్టరు. వంక పెట్టాల్సింది ఆ చెయ్యి సాయంత్రమయ్యాక పట్టుకునే వాటికే. ఒకనాడు ఆ చేతులతోనే ఎవరిదో పెద్దాయన సమాధి రాయిని ఎత్తబోయి కింద పడేశాడు. పేరు ఒక ముక్కలో, ఇంటి పేరు ఒక ముక్కలో మిగిలాయి. ఆ షాపు వాళ్లు మళ్లీ రావద్దన్నారు. ఆ తర్వాత కూడా చాలాకాలం తాగాడు. ఒక ఉదయం లేచి మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే "ఊరికే" అన్నాడు.

అనిత భయమంతా ఆ ఊరికేలోనే ఉంది. ఒక దెబ్బ తగిలి మానేశాడంటే ఆ దెబ్బను గుర్తుచేయొచ్చు. ఒట్టు పెట్టి మానేశాడంటే ఒట్టును గుర్తుచేయొచ్చు. కారణం లేకుండా వచ్చిన మంచి, కారణం లేకుండానే పోతే ఎవరిని పట్టుకుని అడగాలి? చర్చిలో సంజీవయ్య అయ్యగారు ఒక ఆదివారం "అజయ్, ముందుకొచ్చి సాక్ష్యం చెప్పు" అంటే కూడా అతను లేవలేదు. "ఇంకా గట్టిపళ్లేదు అయ్యగారూ. గట్టిపడనీ" అన్నాడు. అందరూ వినయం అనుకున్నారు. అనితకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గట్టిపడలేదని తనకే తెలుసన్నమాట, అనుకుంది.

మానేసిన తర్వాత దొరికిన పనే రంగయ్య షెడ్డులోది. రంగయ్యది రుద్రవరం. పొలం చేసుకుంటూనే ఆళ్లగడ్డ రోడ్డు మీద షెడ్డు వేసి, శిల్పులను పెట్టుకుని, విగ్రహాలూ శిలాఫలకాలూ చేయించి ఊళ్లకు పంపిస్తాడు. మాట కరుకు, మనిషి చెడ్డవాడు కాదు. పాలిష్ పట్టేవాడొకడు తాగొచ్చి కట్టర్ కింద వేళ్లు పోగొట్టుకున్నప్పటి నుంచీ అతని షెడ్డుకు ఒకటే రూలు. తాగినవాడు మిషన్ తాకకూడదు. అజయ్ పాత సంగతి అతనికి తెలియదు. ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అక్షరం చూశాడు, పనిలో పెట్టుకున్నాడు, కొన్నాళ్లకు షెడ్డు తాళం చెవి చేతికిచ్చాడు. ఆ తాళం చెవిని అజయ్ మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి పోయేటప్పుడు కూడా విప్పేవాడు కాదు.

ఇలా ఉండగా ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చింది. అక్కడ తెలుగువాళ్ల సంఘం ఒకటి కొత్తగా భవనం కట్టుకుందట. వాకిలి పక్కన గోడకు నల్లరాయి పలక నిలబెట్టాలట. ఆ ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఊరు ఎలా పెరిగింది, అక్కడ పుట్టిన తెలుగు పిల్లలు నిలబడి చదువుకునేటట్టు తెలుగులో చెక్కాలట. రాసిచ్చేదెవరని రంగయ్య తల గోక్కుంటుంటే అజయ్ నోరు తెరిచి "మా ఆమె సోషల్ టీచర్ కదన్నా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను తన గురించి ఇంకొకరి దగ్గర గొప్పగా చెప్పడం అనిత ఎరగదు. వారం పాటు పుస్తకాలు తిరగేసి, పిల్లలకు పాఠం చెప్పినట్టు రాసిచ్చింది.

"తోమర వంశపు అనంగపాలుడు ఈ ఊరు కట్టించాడని ఒక కథ. ఒక పండితుడు ఇనుప మేకును భూమిలోకి దింపించి, రాజా, ఇది ఆదిశేషుని పడగలో దిగింది, ఇది కదలనంత కాలం నీ రాజ్యం కదలదు అన్నాడు. రాజుకు నమ్మకం చాలలేదు. తవ్వించి పైకి తీసి చూశాడు. మేకు కొనకు నెత్తురు ఉంది. మళ్లీ దింపారు గానీ ఈసారి బిగుసుకోలేదు. ఢీలాగా ఉండిపోయింది. ఆ ఢీలాయే ఢిల్లీ అయింది."

ఆ కింద ఊరు పెరిగిన సంగతి. "వదులు మేకు మీదే ఊరు పెరిగింది. ఒక కోట పాడుబడితే పక్కన ఇంకో కోట లేచింది. నీళ్లు చాలక వదిలేసిన కోట ఉంది. రాజధానిని దక్కనుకు మార్చి మళ్లీ వెనక్కి తెచ్చుకున్న సుల్తాను ఉన్నాడు. పాత పట్టణాలు ఏడంటారు. ఆ తర్వాతిది తెల్లవాళ్లు కట్టిన కొత్త ఢిల్లీ."

స్టాఫ్‌రూములో పక్క కుర్చీ సుష్మ, తెలుగు టీచరు, అది చదివి "రాజధాని మార్చేది, మళ్లీ తెచ్చేది మనకొకరు చెప్పాల్నా అక్కా" అని నవ్వింది. రంగయ్య అయితే "కతలాగా బాగుందప్పా" అన్నాడట. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి చెప్పేటప్పుడు అజయ్ ముఖం చూసి అనిత కూడా నవ్వింది. ఆ పూట అతని నోటి వాసన చూడాలన్న ధ్యాసే రాలేదు. అలాంటి పూటలు ఆమెకు తక్కువ.

పని మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. అతను పగలు చేయడు. వరండాలో పిల్లలు బెంచీలు ఈడుస్తున్న గోలలో ఆమె వెంటనే ఫోనెత్తింది. రాయి అడుగున రెండు వరుసల చోటు మిగిలిందట. బోడిగా ఉందని రంగయ్య అంటున్నాడట, ఇంకో మాట ఏదైనా చెప్పమంటున్నాడు. అనిత నిలబడిన చోటనే చెప్పింది. ఢిల్లీ పేరు దేహళి అనే మాట నుంచి వచ్చిందని మరికొందరంటారు, దేహళి అంటే గడప, అటునుంచి వచ్చేవాళ్లకు ఈ దేశపు గడప అది, అని. అతనేదో అడిగాడు. ఊరి పేరు చెప్పించడానికి కుదరలేదు కాబట్టి, దొరికిన మాటల్లోనే ఆమె వెతుక్కోవాల్సి వచ్చింది. మధ్యలో జేజి అన్నాడెందుకో, వాళ్ల నాయనమ్మను. జ శుభ్రంగానే పడింది. డ కూడా తేలిపోలేదు. "ఆ, అదే, అట్లనే పెట్టు" అని ఫోన్ పెట్టేసి, తాగలేదులే అనుకుని క్లాసులోకి పోయింది.

ఆ వారమే అతను మారాడు. మారాడని ఆమెకు అనిపించింది అంటే సరిగ్గా ఉంటుంది, కానీ భయపడే మనిషికి ఆ రెండింటికీ తేడా తెలియదు. ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. నోట్లో లవంగం నములుతున్నాడు. వస్తూనే నేరుగా నీళ్లగదిలోకి పోతున్నాడు. రాయి తొందరగా కావాలంటున్నారని, దుమ్ముకు గొంతు పట్టేసిందని అతను చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. ఆ రోజుల్లో కూడా నిజం లాంటివే చెప్పేవాడు. అనిత అతని చొక్కా ఉతకడానికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. రాతిపొడి వాసన, లవంగం వాసన. ఇంకేదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ రాయి ఫోటో వచ్చింది. అజయ్ పంపాడు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు. తన మాటలు రాతి మీద చూసుకుని అనితకు ఒళ్లు పులకరించింది. సుష్మ ఫోన్ లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టింది. చివరి వరుసకు వచ్చి ఆగి, ఫోన్‌ను దగ్గరికి లాక్కుని మళ్లీ చూసి పగలబడి నవ్వింది.

"దేహళి అంటే కడపంట అక్కా. ఈ దేశపు కడపంట. ఢిల్లీని తెచ్చి మైదుకూరు పక్కన పెట్టినాడు మా బావ. ఏ లోకంలో ఉండి చెక్కినాడో ఏమో."

అది ఎగతాళి మాత్రమే. సుష్మకు అజయ్ పాత సంగతి తెలియదు. కానీ ఆ చివరి మాట అనిత చెవిలో దిగబడింది. ఏ లోకంలో ఉండి చెక్కాడు? సమాధి రాళ్ల మీద వందల పేర్లు చెక్కాడు, తాగిన కాలంలో కూడా అక్షరం తప్పలేదు. ఇప్పుడు గ పోయి క వచ్చింది, ఒకచోట కాదు, రెండుచోట్ల. ఎర్రకళ్లు, లవంగం, ఆలస్యం అన్నీ ఒక వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. క్యారియరు మూత పెట్టేసి, అజయ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆ వరుసలో చేరింది.

అప్పుడామె రంగయ్యకు చేసింది.

"చెప్పు టీచరమ్మా. ఫోటో సూసినావా? రేపు లారీకి ఎత్తల్ల" అన్నాడు రంగయ్య, వెనక కట్టర్ మోతకు గొంతు పెంచి.

"చూసినా అన్నా. ఆయన పనిలో ఎట్లుండాడు?"

"ఎట్లుండాడంటే? బాగనే ఉండాడు. ఏందీ?"

ఏం లేదన్నా, అని పెట్టేసి ఉంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. "ముందర తాగేటోడన్నా. మానేసినాడు. మళ్లా మొదలుపెట్టినాడేమో అని నాకు అనుమానంగా ఉంది. రవ్వంత కనిపెట్టి చూసుకోండి. నేను చెప్పినానని మాత్రం అనొద్దండి."

అటువైపు రంగయ్య ఎవరినో కట్టర్ ఆపమన్నాడు.

"తాగేటోడా" అన్నాడు రంగయ్య. అడిగినట్టు లేదు. "నాకెవురూ చెప్పల్యా" అని పెట్టేశాడు.

పెట్టేసిన తర్వాత గానీ చేసిన పనేమిటో ఆమెకు తెలిసిరాలేదు. ఒక మనిషిని కనిపెట్టి చూడమంటే రంగయ్య కనిపెట్టి చూసే రకమా? రూలు గుర్తొచ్చింది. మొలతాడుకు కట్టిన తాళం చెవి గుర్తొచ్చింది. మళ్లీ చేస్తే రంగయ్య ఎత్తలేదు. అజయ్‌ది స్విచాఫ్ వచ్చింది. హెడ్మాస్టరుకు కడుపునొప్పి అని చెప్పి, చేతి సంచి కూడా స్టాఫ్‌రూములోనే మరిచి, ఫోనూ పర్సూ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది.

పాణ్యం నుంచి నంద్యాల దాకా షేర్ ఆటో, నంద్యాల బస్టాండులో బస్సు. ఆళ్లగడ్డ మీదుగా పోయే బస్సులన్నీ దాదాపు కడపవే. అజయ్ రోజూ ఎక్కేదీ అదే. అద్దం మీద కొట్టొచ్చినట్టు రాసి ఉంది, కడప. ఆ బోర్డు చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఇదే కదా రోజూ చూసేది, ఇదే చేతిలోకి దిగిందేమో, తాగకపోయినా దిగొచ్చు కదా, అని మొదటిసారి తోచింది. ఆ ఆలోచన రంగయ్యకు ఫోన్ చేయకముందు ఎందుకు రాలేదో ఆమెకు అర్థం కాలేదు. శిరివెళ్లలో బస్సు ఆగి, కండక్టరు టీ తాగొచ్చేదాకా కదలలేదు. అనిత ప్రార్థన చేద్దామనుకుంది. ఏమని చేయాలి? ఆయన తాగి ఉండకూడదు ప్రభువా అనా? తాగి ఉంటేనే తను చేసింది తప్పు కాకుండా పోతుంది. ఆ మాట తన మనసులోకే వచ్చిందని తెలిసి, కళ్లు తెరిచి కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ కూర్చుంది.

ఆమె చేరేసరికి అజయ్ షెడ్డు గేటు బయట, ఇంకా పని మొదలుపెట్టని బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. లోపల కట్టర్ తిరుగుతోంది, దాని దగ్గర ఇంకెవరో ఉన్నారు. ఆమెను చూసి అతను ఆశ్చర్యపోలేదు. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. చొక్కా మీదా, కనుబొమల మీదా తెల్లటి రాతిపొడి. మొలతాడు దగ్గర చొక్కా పైకి మడిచి ఉంది. తాళం చెవి లేదు.

"నువ్వు ఫోన్ చేసినావంట" అన్నాడు.

ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఊదమన్నాడు" అన్నాడు అజయ్. "పనోళ్లందరి ముందరా. నోరు తెరిచి ఆయన మొగం మీద ఊదినా. వాసన లేదన్నాడు. అయినా మిషన్ దగ్గరికి పోవద్దన్నాడు. ఈ పొద్దు లేకుంటే నిన్న తాగినావేమో ఎవురికెరుక అన్నాడు. మోతలో ఫోన్ ఇనపళ్లేదు, తర్వాత చార్జింగు అయిపోయింది, నీకు చేద్దామంటే."

"అది కాదు. రాయి మీద కడప అని ఉంటే..."

"ఉంది. అట్లనే కదా పెట్టమన్నావ్."

"నేనా?"

"నువ్వే. ఆ పొద్దు అడిగినా కదా నిన్ను. మా జేజి కడప తొక్కొద్దురా, కడప మీద కూసోవద్దురా అనేది, బుక్కుల్లో గడప అని ఉంటాది, రాయి మీదికి ఏది పెట్టల్ల, క పెట్టల్నా గ పెట్టల్నా అని. నువ్వేమో ఆ, అదే, అట్లనే పెట్టు అన్నావ్. టీచర్ చెప్పింది కదా అని పెట్టినా."

అనితకు ఆ మధ్యాహ్నం మొత్తం చెవిలో మళ్లీ మోగింది. బెంచీలు ఈడ్చిన గోల, జేజి, శుభ్రంగా పడిన జ. అతను అడిగింది ఆమెకు ఒక్క ముక్క కూడా తెలియదు. అతని నాలుక ఎలా తిరుగుతుందో విన్నదే తప్ప ఏమంటున్నాడో వినలేదు. తాగాడేమోనన్న అనుమానంలో అతని మాట వినకుండా పోగొట్టింది తను, అలా పోయిన మాట రాయి ఎక్కితే దాన్ని చూసి తాగాడని చెప్పిందీ తనే.

"నేను వినలేదు" అంది. "నీ మాట వినలేదు ఆ పొద్దు. తాగినావేమో అని గొంతు చూసుకుంటాన్నా."

అజయ్ ఆమె వైపు చూశాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండనుకుంది.

"ఆ పొద్దేనా?" అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. రాయి గోడకు చేరగిలబెట్టి ఉంది, ఆమె కన్నా ఎత్తు. రంగయ్య దాని ముందరే నిలబడి ఉన్నాడు. అనిత గబగబా చెప్పేసింది. తప్పు ఆయనది కాదని, ఫోన్‌లో తానే తప్పు చెప్పిందని, ఏడాది దాటింది ఆయన ముట్టి అని, తాళం చెవి ఆయనకు ఇచ్చేయమని. రంగయ్య అంతా విన్నాడు.

"అమ్మా, నీ మొగుడి మీద నాకు ఈ మధ్యాన్నం దాకా ఏ డౌటూ లేదు" అన్నాడు. "నువ్వే కదా చెప్పింది. ఇప్పుడు నువ్వే లేదంటే చెవిలో పడిన మాట యాడికి పోతాది? నా షెడ్డులో ఒకని వేళ్లు తెగి పడింటే నేనే ఏరినా. పనికి రావద్దని అనల్యా నేను. పొద్దున్నే వచ్చినప్పుడు నా దగ్గరకొచ్చి ఒకసారి ఊది పొమ్మన్నా. అంతే. నువ్వయితే ఏం చేస్తాంటివి?"

అనిత తల తిప్పుకుంటే ఎదురుగా రాయి. రాజుకు నమ్మకం చాలలేదు, అని ఉంది. తవ్వించి పైకి తీసి చూశాడు, అని ఉంది. ఆమె రాసిన మాటలే, అతను చెక్కిన అక్షరాలే. రాసేటప్పుడు ఆ రాజును ఎంత తేలిగ్గా రాసిందో. ఎంత మూర్ఖుడో చూడండి పిల్లలూ, అన్నట్టు రాసింది.

రాయి మాత్రం రేపు లారీ ఎక్కాలి. అజయ్ వచ్చి, మిషన్ తాకకుండా, ఉలితోనే పని చేశాడు. రెండు క లనూ తొలిచి తీసి, నల్లరాతి పొడిని జిగురులో కలిపి ఆ గుంటల్లో నింపి, అది పట్టుకునేదాకా కూర్చుని, పైన గ చెక్కాడు. రంగయ్య కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా అయితే అతను అలా కూర్చోడు. 

"నిలబడుతుందా అది?" అని అడిగింది, అతికిన చోటు చూపిస్తూ.

"నిలబడతాది" అన్నాడు అజయ్, రంగు వేస్తూనే. "గోరు పెట్టి గీకి చూసేటోళ్లు లేకుంటే నిలబడతాది."

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను కిటికీ వైపు. శిరివెళ్ల దాటిన తర్వాత "రోజూ ఊదల్లంట" అన్నాడు, ఆమెతో అన్నట్టు కాకుండా. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. పని మానేయి, వేరేది చూసుకుందాం అందామనుకుంది. మానేస్తే పగలంతా ఇంట్లో ఉంటాడు, ఆ పగళ్లు ఎలాంటివో ఆమెకు తెలుసు. పోనీ పోతూనే ఉండు అందామనుకుంది. రోజూ పొద్దున్నే ఒకడి ముఖం మీద ఊదేవాడికి సాయంత్రం ఏం గుర్తొస్తుందో కూడా ఆమెకు తెలుసు. ఏది అన్నా భయమే. 

నంద్యాల బస్టాండులో దిగాక అతను ఆగాడు.

"నువ్వు ఇంటికి పో. నేను వస్తా" అన్నాడు.

యాడికి పోతాండావ్ అన్న మాట ఆమె నాలుక చివరన ఉంది. అతను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆమె అడగలేదు. అతను తిరిగి జనంలో కలిసి నడిచాడు. ఆ వైపు మందుల షాపు ఉంది, అతని చిన్నాన్న ఇల్లు ఉంది, చర్చి ఉంది, బ్రాందీ షాపూ ఉంది. ఆటోవాడు రెండుసార్లు పిలిచాక గానీ ఆమె ఎక్కలేదు.

ఇంటికొచ్చి బియ్యం కడిగింది. స్టవ్ మీద పెట్టి మరిచిపోయి, మాడిన వాసనొస్తే దించింది. ఫోన్ బల్ల మీద పెట్టింది. అతని ఫోన్ చార్జింగు లేదని తెలిసినా రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. రెండుసార్లూ కింద పెట్టేసింది. ఒకవేళ మోగి, ఎత్తి, ఊరి పేరు చెప్తే? చెప్పలేకపోతే? ఇన్నాళ్లూ ఏ మాట కోసం ప్రాణాలుగ్గబట్టుకుని విన్నదో ఆ మాట వినడమంటే ఇప్పుడామెకు భయం పట్టుకుంది. వదులు మేకు మీదే ఊరు పెరిగింది, అని తనే రాసింది. ఒకటి పాడుబడితే పక్కన ఇంకోటి కట్టుకున్నారు, అనీ రాసింది. రాసినంత తేలిక కాదది. ఊళ్లకు వందల ఏళ్లుంటాయి. ఆమె చేతిలో ఉన్నది ఈ సాయంత్రమే.

వీధి లైట్లు వెలిగే వేళకు చెప్పుల చప్పుడైంది. తలుపు తీసే ఉంది. అజయ్ లోపలికి రాలేదు. గడప అవతలే ఆగి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ అవి వారం నుంచీ ఎర్రగానే ఉన్నాయి. నడక తూలిందో లేదో ఆమె చూడలేదు, అప్పటికి తల వంచుకుని ఉంది.

"ఊదాల్నా?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఏ అక్షరం ఎలా పడిందో తేల్చుకోవడం ఆమెకు ఎంతసేపు. వద్దనుకుంది. మనసును పక్కకు లాక్కుంది, దారిలో పడుకున్న కుక్కను తప్పించుకుని నడిచినట్టు. తల అడ్డంగా ఊపి, తలుపు పక్కకు జరిగి దారిచ్చింది. అతను గడప దాటి, ఆమె భుజానికి తగిలేంత దగ్గరగా లోపలికి నడిచాడు. ముక్కుకు ఏ వాసనా తగలకుండా అనిత ఊపిరి బిగబట్టింది. అతను వంటింట్లోకి పోయి, చెంబు ముంచుకుని, నీళ్లు తాగిన చప్పుడు వినిపించేదాకా బిగబట్టే ఉంది. కళ్లు చీకట్లు కమ్ముతుంటే గడప దాటి వీధిలోకి వచ్చి, అక్కడ ఊపిరి తీసుకుంది.